కోషర్ కుటుంబానికి సఫారీ: ముందు వాళ్ల పంచాంగం, తర్వాతే సింహాలు

అన్నిటికంటే ముందు ఒక మాట. 2027 ఆగస్టు 1 నుంచి 10 వరకు అని మీకు వచ్చిన డిస్కౌంట్ ఆఫర్‌కి అడ్వాన్స్ కట్టకండి. కట్టేసి ఉంటే తేదీలు మార్చుకునే వీలుందేమో ఈరోజే కనుక్కోండి. కారణం కింద చెప్తాను.

మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో: మీరు న్యూజెర్సీలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుతున్నారు. మీ పాత కస్టమర్లు, నిష్ఠగా ఉండే యూదు కుటుంబం, 2027 వేసవి సెలవుల్లో సఫారీ కావాలన్నారు. తల్లిదండ్రులు, అమ్మమ్మ, మూడేళ్ల నుంచి పదమూడేళ్ల వరకు నలుగురు పిల్లలు. కెన్యానా, దక్షిణాఫ్రికానా? ఏ నెల? కోషర్, అంటే వాళ్ల మతనియమాల ప్రకారం తినదగిన తిండి, దానికి శుద్ధ వెజిటేరియన్ పెట్టిస్తే సరిపోదా? ఇవీ మీ సందేహాలు. నేను జొహానెస్‌బర్గ్‌లో ఉంటూ ఇలాంటి కుటుంబాలకు లాడ్జులు, వంటవాళ్లు, వాహనాలు కుదిర్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

సఫారీకి ఏ సీజన్ మంచిదని ఎవర్ని అడిగినా వానల లెక్క చెప్తారు. అది తప్పు కాదు. కానీ ఈ కుటుంబానికి ముందు చూడాల్సింది వాళ్ల పంచాంగం. వాళ్లవీ మనలాగే చంద్రుణ్ణి బట్టి నడిచే నెలలు, ఋతువులతో తేడా రాకుండా మధ్యమధ్యలో అధికమాసం వేసుకుంటారు, 19 ఏళ్లలో ఏడుసార్లు. అందుకే వాళ్ల పండుగలు ఇంగ్లిష్ తేదీల్లో ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. మీ కేసులో ముఖ్యమైన రోజు తీషా బేఆవ్, అంటే జెరూసలేం ఆలయం రెండుసార్లూ నాశనమైన రోజుగా పాటించే ఉపవాసం. మంచినీళ్లు కూడా ముట్టరు. అది 2026లో జూలై 23న, 2028లో ఆగస్టు 1న వస్తుంది. మధ్యలో 2027లో మాత్రం అధికమాసం వల్ల ఆగస్టు 12 దాకా జరిగింది.

ఆ ఉపవాసానికి ముందు మూడు వారాలు సంతాప కాలం. 2027లో అది జూలై 22న మొదలవుతుంది. చివరి తొమ్మిది రోజులు, అంటే ఆగస్టు 3 సాయంత్రం నుంచి, ఇంకా గట్టిగా పాటిస్తారు. శబ్బాత్ రోజున, అంటే వారంలో వాళ్ల విశ్రాంతి దినాన, తప్ప మాంసం, వైన్ ఉండవు. సరదాకి ఈత కొట్టరు. విహారయాత్రలు చాలామంది పెట్టుకోరు. మీకొచ్చిన ఆఫర్ సరిగ్గా ఆ రోజుల మీదే పడింది. మీ కస్టమర్ ఇంకా క్యాలెండర్ చూసుకోలేదంతే. చూసుకున్న రోజు ఫోన్ మీకే వస్తుంది.

కాబట్టి అమెరికా వేసవి సెలవుల్లో మీకు మిగిలేవి రెండు ఖాళీలు. జూన్ చివర నుంచి జూలై 21 వరకు ఒకటి, ఆగస్టు 13 నుంచి నెలాఖరు వరకు రెండోది. రెండూ దక్షిణాఫ్రికాలో వానలు లేని చలికాలమే. జూలైలో పొద్దున చలి బాగా ఎక్కువ. పైగా జూన్ చివర నుంచి జూలై మధ్య దాకా ఇక్కడి స్కూళ్లకు కూడా మామూలుగా సెలవులే, మంచి లాడ్జులు ముందే నిండిపోతాయి. ఆగస్టు రెండో సగానికి చలి తగ్గుతుంది, గడ్డి ఇంకా పలచబడుతుంది, నీటి కుంటలు ఎండిపోయి జంతువులన్నీ మిగిలిన కొద్ది నీళ్ల దగ్గరికే చేరతాయి. ఒక్క లోటు ఉంది. ఆఫ్రికన్ అడవి కుక్కలు బొరియల్లో పిల్లల్ని పెట్టుకునేది జూన్, జూలైల్లోనే, ఆగస్టు చివరికి అవి బొరియలు వదిలి మళ్లీ తిరగడం మొదలుపెడతాయి. వాటి కోసమే వచ్చేవాళ్లయితే జూలై అంటాను. మూడేళ్ల పాపతో, అమ్మమ్మతో వచ్చే కుటుంబానికి నా ఓటు ఆగస్టుకే.

ఇక శబ్బాత్. శుక్రవారం సూర్యాస్తమయానికి కాస్త ముందు నుంచి శనివారం చీకటి పడి నక్షత్రాలు కనిపించే దాకా వాళ్లు వాహనం ఎక్కరు, లైటు వెయ్యరు, ఆర్పరు, ఫోటో తియ్యరు, వంట చెయ్యరు. లాడ్జుల్లో రోజుకి రెండు గేమ్ డ్రైవులు, అంటే జీపులో జంతువుల్ని చూసే తిరుగుళ్లు, ఉంటాయి, తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి. ప్లాన్ సరిగ్గా లేకపోతే శుక్రవారం సాయంత్రంది, శనివారం రెండూ, మొత్తం మూడు పోతాయి. ఆ లాడ్జుల్లో ఒక్కో రాత్రికి కట్టే డబ్బు తెలుసు కాబట్టి కస్టమర్‌కి ఇది చిన్న విషయం కాదు.

సరైన సీజన్ ఎంచుకుంటే ఈ నష్టంలో సగం పైనే పూడ్చుకోవచ్చు. మీకు నేను చెప్పబోయేది మడిక్వే రిజర్వ్, దక్షిణాఫ్రికాకు ఉత్తరాన బోట్స్వానా సరిహద్దులో ఉంటుంది. ఆగస్టు మూడో వారంలో అక్కడ సూర్యాస్తమయం ఆరు గంటల ప్రాంతంలో. శనివారం ఆరూ నలభైకల్లా శబ్బాత్ అయిపోతుంది. హవ్దాలా ప్రార్థన ముగించుకుని ఏడింటికి స్పాట్‌లైట్ ఉన్న జీపులో బయల్దేరవచ్చు. ముళ్లపంది, బ్రౌన్ హైనా, వేటకు లేచిన సింహాలు, ఇవన్నీ అప్పుడే తిరుగుతాయి. ఇంకో లాభం కూడా ఉంది. 2027లో శ్రావణ పౌర్ణమి ఆగస్టు 17న. ఆ శనివారం 21వ తేదీ, చంద్రుడు రాత్రి తొమ్మిది దాటాకే పైకొస్తాడు. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా కటిక చీకటి, పైన పాలపుంత. పిల్లలకు లయన్ కింగ్ బొమ్మల కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది. అదే డిసెంబర్ అయితే శబ్బాత్ ముగిసేసరికే పావు తక్కువ ఎనిమిది అవుతుంది, పిల్లలు తూగుతుంటారు. శుక్రవారం కూడా డ్రైవ్ మొత్తం వదులుకోనక్కర్లేదు. మామూలుగా మూడున్నరకు బయల్దేరేదాన్ని రెండింటికి పెట్టించి నాలుగున్నరకల్లా వెనక్కి తెప్పించాలి, స్నానాలకు, కొవ్వొత్తులకు టైం ఉంటుంది.

అందరూ మర్చిపోయే విషయం ఇంకొకటి ఉంది. శనివారం పగలంతా వాళ్లు లాడ్జిలోనే కూర్చుంటారు. మడిక్వేలో చాలా లాడ్జుల డెక్ ఎదురుగా నీటి కుంట ఉంటుంది. ఎండాకాలపు వానల్లో, అంటే డిసెంబర్, జనవరిలో, అడవంతా నీళ్లే కాబట్టి ఆ కుంట దగ్గరికి ఏదీ రాదు. ఆగస్టులో చుట్టుపక్కల అదొక్కటే నీళ్లు. పొద్దున ప్రార్థన పుస్తకం మూసేసరికి జీబ్రాలు, మధ్యాహ్నం భోజనం దగ్గర ఏనుగుల గుంపు, వాటి వెనక పంటి కింద గడ్డి పరకతో అడవిపంది. స్విచ్చు ముట్టుకోకుండా, జీపు ఎక్కకుండా సఫారీ నడుస్తుంది. వాన లేని సీజన్ అందరికీ మంచిదే, కానీ శబ్బాత్ పాటించేవాళ్లకు అది రెట్టింపు విలువ. లాడ్జి ఎంచుకునేటప్పుడు స్విమ్మింగ్ పూల్ ఫోటోలు పక్కన పెట్టి, డెక్ నుంచి కుంట ఎంత దూరమో అడగండి.

ఇప్పుడు కెన్యా. మీ కస్టమర్ అడిగింది మసాయి మారాలో వలస వచ్చే వైల్డ్‌బీస్ట్ మందలు. జూలై నుంచి అక్టోబర్ వరకు అక్కడ ఉంటాయి, చూడాల్సిన దృశ్యమే, కాదనను. కానీ భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాదంతా సూర్యాస్తమయం ఇంచుమించు ఒకే టైంలో, ఆరున్నర, ఏడు మధ్య. ఆ వేళకు వాహనాలన్నీ తిరగడం ఆపేయాలి. రిజర్వ్ లోపల రాత్రి డ్రైవులు లేవు, చుట్టూ ఉన్న ప్రైవేట్ కన్సర్వెన్సీల్లోనే ఉంటాయి. అంటే రిజర్వ్ లోపల బస చేస్తే శనివారం మొత్తం పోయినట్టే. మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది, మూడేళ్ల పిల్లకు ఆ మాత్రలు వెయ్యడం తల్లిదండ్రులకు టెన్షనే. మడిక్వే, సన్ సిటీ పక్కనున్న పిలానెస్‌బర్గ్ రెండూ మలేరియా లేని ప్రాంతాలు. క్రూగర్ నేషనల్ పార్కులో చలికాలంలో రిస్క్ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఎవరైనా కెన్యా, దక్షిణాఫ్రికా రెండూ కలిపి చేద్దామంటే, కెన్యా నుంచి వచ్చేవాళ్లకు ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడుగుతారు. కెన్యా నుంచి నేరుగా హైదరాబాద్ దిగే మనవాళ్లకూ అదే రూలు, ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడకండి.

కెన్యాతో అసలు చిక్కు తిండి. నైరోబీలో వందేళ్లు దాటిన చిన్న యూదు సమాజం, సినగాగ్ (వాళ్ల ప్రార్థనాలయం) ఉన్నాయి. కానీ కోషర్ మాంసం బయటి దేశం నుంచి రావాల్సిందే. నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి మారాకి వెళ్లే బుల్లి విమానాల్లో మనిషికి 15 కిలోలే, అందులోనే బట్టలు. ఏడుగురికి ఐదారు రోజుల ఫ్రోజెన్ భోజనాలు, రెండు సెట్ల గిన్నెలు అందులో ఎలా పడతాయి? విడిగా కార్గో మాట్లాడుకోవాలి, చేస్తారు, కానీ ఖర్చు, భయం రెండూ ఎక్కువే. జొహానెస్‌బర్గ్‌లో ఆ బాధ లేదు. ఇక్కడ యూదులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. గ్లెన్‌హేజెల్ వైపు వెళ్తే కోషర్ మాంసం షాపులు, బేకరీలు, హోటళ్లు వరసగా కనిపిస్తాయి. యూనియన్ ఆఫ్ ఆర్థడాక్స్ సినగాగ్స్ కింద ఉన్న బెత్ డిన్ అనే మత న్యాయస్థానం వాటికి సర్టిఫికెట్ ఇస్తుంది. ఇక్కడ వండి, ఫ్రీజ్ చేసి, రెండు సీళ్లు వేసి ఫ్రిజ్ వ్యాన్‌లో పంపితే నాలుగైదు గంటల్లో మడిక్వే చేరుతుంది.

వెజిటేరియన్ పెట్టిస్తే చాలదా అన్నారు. చాలదండి. ఆ కూర వండిన మూకుడులో నిన్న అడవిపంది మాంసం వేగి ఉంటే అది వాళ్లకు పనికిరాదు. చీజ్‌లో జంతువుల నుంచి తీసిన రెన్నెట్ ఉండొచ్చు. ద్రాక్షతో చేసిన వైన్, వెనిగర్‌కు వేరే నియమాలున్నాయి. ఆకుకూరల్లో ఒక్క పురుగు ఉన్నా తినరు. అన్నీ శుభ్రంగా ఉన్నా, పొయ్యి వెలిగించడంలో యూదుల చెయ్యి ఉండాలన్న నియమం చాలా వంటకాలకు ఉంది. మాంసం, పాలు కలవకూడదు కాబట్టి పొయ్యి, గిన్నెలు, గరిటెలు అన్నీ రెండేసి. మీకు రెండు దారులున్నాయి. సీల్ వేసిన భోజనాలు తెప్పించి, రెండు పొరల రేకు చుట్టి లాడ్జి ఓవెన్‌లో వేడి చేయించడం ఒకటి. కుటుంబం మొత్తానికి విడిగా ఒక విల్లా తీసుకుని, దాని వంటిల్లు కోషర్ చేయించి, వంటమనిషిని, పైన చూసుకునే మష్గియాఖ్‌ని పెట్టడం రెండోది. ఏడుగురికి, అందులో చిన్నపిల్లలుంటే, రెండోదే సుఖం. ఫ్రోజెన్ చికెన్ మూడో రోజుకి పిల్లలు ముట్టరు.

లాడ్జి మేనేజర్లు మంచి ఉద్దేశంతోనే ఒక తప్పు చేస్తారు. కూడూ, ఇంపాలా జింకలు చీలిన గిట్టలున్నవే, నెమరు వేసేవే కదా అని ఆ స్టేక్ పెడతామంటారు. జంతువు కోషర్ జాతిదైనా యూదు పద్ధతిలో కోయకపోతే తినకూడదు. పొద్దున డ్రైవ్ మధ్యలో కాఫీలో కలిపే అమరులా క్రీమ్ లిక్కర్ కూడా వద్దని ముందే రాసి పంపండి.

వంటింటికీ సీజన్‌కీ సంబంధం ఉంది. నవంబర్, డిసెంబర్‌లో మొదటి వానలు పడగానే ఇక్కడా మన దగ్గర లాగే ఉసిళ్ళు లేస్తాయి. లాంతరు చుట్టూ మూగి, రెక్కలు రాల్చి, సూప్‌లో, సలాడ్‌లో, హమ్మస్ గిన్నెలో పడతాయి. మిగతా గెస్టులు చెంచాతో తీసేసి తింటారు. వీళ్లు గిన్నె మొత్తం వదిలేయాలి. ఒకసారి శుక్రవారం రాత్రి విందు సగం అలాగే పోయింది, శబ్బాత్ మొదలయ్యాక లైట్లు ఆర్పడానికి లేదు, కొత్తగా వండటానికీ లేదు. ఆగస్టులో ఆ బెడద ఉండదు. డిసెంబర్‌లో ఇంకో ఇబ్బంది, జొహానెస్‌బర్గ్ యూదు కుటుంబాలు చాలావరకు కేప్‌టౌన్‌కీ సముద్రతీరానికీ వెళ్లిపోతాయి, కేటరర్లు దొరకడం కష్టం.

చలికాలంలో మాత్రం ఒకటి చూసుకోవాలి. కరెంట్. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా భోజనం వేడిగా ఉంచడానికి ప్లాటా అనే హాట్‌ప్లేట్, వేడినీళ్ల అర్న్ ఆపకుండా నడవాలి. సోలార్ మీద నడిచే లాడ్జుల్లో పగలు చిన్నదైనప్పుడు బ్యాటరీలు తక్కువగా ఛార్జ్ అవుతాయి. ఇరవై నాలుగు గంటలూ పవర్ ఉంటుందని రాసిచ్చిన ఒక లాడ్జిలో అర్ధరాత్రి ఇన్వర్టర్ ట్రిప్ అయింది. వాళ్లు నోరు తెరిచి స్విచ్ వెయ్యమని అడగలేరు. రాత్రంతా ఉడకాల్సిన చోలెంట్ అనే శబ్బాత్ కూర గడ్డకట్టి, శనివారం మధ్యాహ్నం చల్ల రొట్టె, గుడ్లతో సరిపెట్టుకున్నారు. పవర్ ఉందా అని అడక్కండి. 1500 వాట్ల లోడ్ పద్దెనిమిది గంటలు ఆగకుండా నడుస్తుందా అని అడగండి. గదుల్లో మోషన్ సెన్సర్ లైట్లు, కార్డు తాళాలు ఉన్నాయా అన్నది కూడా అదే మెయిల్‌లో.

డ్రైవుల విషయంలో ప్రైవేట్ వాహనం తప్పనిసరి, దీని మీద బేరం పెట్టకండి. చాలా లాడ్జులు షేరింగ్ జీపులో ఆరేళ్లలోపు పిల్లల్ని ఎక్కించవు. పైగా ఆగస్టు చివర మడిక్వేలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, పొద్దున షెమా అనే ప్రార్థన చదవాల్సిన గడువు సుమారు తొమ్మిదీ ఇరవైకి దాటిపోతుంది, డ్రైవ్ నుంచి తిరిగొచ్చేది తొమ్మిదిన్నరకు. కాబట్టి ఎనిమిదింటికి కాఫీ కోసం ఆపే చోట పెద్దవాళ్లు తల్లిత్ అనే ప్రార్థన శాలువా కప్పుకుని నిలబడి ప్రార్థన చేసుకుంటారు. రేంజర్‌కి ముందే చెప్పి, అన్ని వైపులా కనిపించే బయలు చూపించమనాలి. పొదల పక్కన వద్దు.

ఆ పొద్దున చలి గురించి కస్టమర్‌కి మరీ మరీ చెప్పండి. ఆఫ్రికా అనగానే అందరూ టీషర్టులు సర్దుకుంటారు. ఆగస్టులో కూడా తెల్లవారుజామున పది డిగ్రీల లోపే, అద్దాలు లేని జీపులో గాలి కోస్తుంది. మధ్యాహ్నానికి పాతిక దాకా వెళ్తుంది. టోపీలు, గ్లవ్స్, పొరలు పొరలుగా బట్టలు. అమ్మమ్మని వెనక ఎత్తు సీట్లో కూర్చోబెట్టకండి, కుదుపులన్నీ అక్కడే, మధ్య వరస మంచిది.

పిల్లలకు నేను రేంజర్లతో ఆడించే ఆట ఒకటి ఉంది. కనిపించిన ప్రతి జంతువూ కోషర్ జాతా కాదా చెప్పాలి. జిరాఫీకి రెండు లక్షణాలూ ఉన్నాయి, జీబ్రాకు ఒక్కటీ లేదు. అడవిపందికి గిట్ట చీలింది, నెమరు లేదు. రాళ్ల మీద ఎండ కాచుకునే హైరాక్స్ కనిపిస్తే పదమూడేళ్ల పిల్లాడు ఎగిరి గంతేస్తాడు, వాళ్ల ధర్మగ్రంథం తోరాలో చెప్పిన షఫాన్ అనే జంతువు అదేనని చాలామంది అంటారు. ఏనుగును, కోతిని చూసినప్పుడు చదివే ప్రత్యేకమైన ఆశీర్వచనం కూడా ఉంది. రేంజర్‌కి ఈ సంగతి తెలిస్తే మొదటి ఏనుగు దగ్గర ఇంజిన్ ఆపి ఒక నిమిషం ఆగుతాడు.

మిగతా సీజన్ల గురించి క్లుప్తంగా, ఇంకెవరికైనా పనికొస్తుందని. పెసాఖ్ (పాస్ఓవర్) పండుగ 2027లో ఏప్రిల్ 21 సాయంత్రం నుంచి 29 వరకు. తూర్పు ఆఫ్రికాలో అవి భారీ వానల రోజులు, దక్షిణాన గడ్డి ఇంకా ఎత్తుగానే ఉంటుంది. వంటింట్లో పులిసిన పిండి అణువంత ఉండకూడదు కాబట్టి సొంతంగా ప్రయత్నించవద్దు, ఎవరైనా పెద్ద ఎత్తున చేసే పెసాఖ్ ప్రోగ్రామ్‌లో చేరడమే మేలు. సుక్కోత్ అనే పందిళ్ల పండుగ అక్టోబర్ 15 సాయంత్రం నుంచి. జంతువులు బ్రహ్మాండంగా కనిపించే టైం, కానీ ఆ ఏడు రెండు చివర్లా శని, ఆదివారాలు పండుగ రోజులై డ్రైవులకు సోమవారం నుంచి శుక్రవారం దాకానే మిగులుతుంది. పైగా భోజనం కొమ్మలు కప్పిన పందిట్లో చెయ్యాలి, ఆ కొమ్మల్ని బబూన్లు లాక్కుపోతాయి. జనవరి చివర అమెరికాలో యూదు స్కూళ్లకు వారం సెలవిస్తారు, అప్పుడు టాంజానియాలో న్దుటు వైపు వైల్డ్‌బీస్ట్‌లు ఈనే కాలం, పెద్ద పిల్లలున్న వాళ్లకు బాగుంటుంది.

మీ కుటుంబానికి నేనైతే ఇలా వేస్తాను. ఆగస్టు 15 ఆదివారం రాత్రి నెవార్క్ నుంచి జొహానెస్‌బర్గ్ డైరెక్ట్ ఫ్లైట్, సుమారు పదిహేను గంటలు, కోషర్ మీల్ ముందే చెప్పండి. సోమవారం దిగి గ్లెన్‌హేజెల్‌లో తిని నిద్రపోవడం. మంగళవారం రోడ్డు మీద మడిక్వే. 17 నుంచి 22 దాకా అక్కడే, మధ్యలో శబ్బాత్. లాడ్జులు మారడం వద్దు, మారిన ప్రతిసారీ ఇంకో వంటిల్లు కోషర్ చెయ్యాలి. ఆదివారం పొద్దున డ్రైవ్ అయ్యాక వెనక్కి, సోమవారం కేప్‌టౌన్. అక్కడ అప్పటికి వాన కొంచెం ఉండొచ్చు, కానీ హెర్మానస్ దగ్గర ఒడ్డు నుంచే తిమింగలాలు కనిపించే కాలం. రెండో శబ్బాత్ కేప్‌టౌన్‌లోనే సీ పాయింట్ అనే పేటలో, సినగాగ్‌కి నడిచి వెళ్లొచ్చు. 29 ఆదివారం తిరుగు ప్రయాణం. రెండో శబ్బాత్ వద్దు, తొందరగా వెళ్లాలి అని కస్టమర్ అంటే కేప్‌టౌన్ రోజులు కత్తిరించండి, మడిక్వే రాత్రులు తగ్గించకండి.

శబ్బాత్ రోజున బయట పాపను ఎత్తుకోవచ్చా, రాత్రి గార్డు టార్చ్‌తో గదికి తోడొస్తే ఫర్వాలేదా లాంటివి మీరూ నేనూ తేల్చేవి కావు. వాళ్ల మతగురువు రబ్బీని అడిగి చెప్పమనండి, లాడ్జి మ్యాప్ పంపితే ఆయనకూ తేలిక. ముందు ప్రైవేట్ వాహనంతో కలిపి కొటేషన్ తెప్పించండి. వచ్చాక ఇక్కడ పెడితే ఏది ఎక్కువ వేశారో చూసి చెప్తాను.